ఉత్తరాన ఊబినేలలో బంగారు పళ్ళు

రేగుపళ్ళ కోసం ముళ్ళకంపల్లో దూరి, పరికిణీ చింపుకుని ఇంటికొచ్చి అమ్మచేత చీవాట్లు తినని వాళ్ళు మనలో ఎంతమంది ఉంటారు చెప్పండి? మాది మార్కాపురం. నల్లమల కొస. మా చిన్నతనంలో సెలవులొస్తే చాలు, అమ్మ వెంట పుల్లలకి పోవడం, పుల్లలు వదిలేసి పళ్ళ వెంట పడటం. పరికిపళ్ళు, బలుసుపళ్ళు, ఈతపళ్ళు, వాక్కాయలు... కాలాన్ని బట్టి ఏదో ఒకటి ఒళ్ళో పడేది. డబ్బు పెట్టి కొన్న పండుకి ఆ రుచి ఎక్కడ వస్తుంది!

అలాంటి నాకు, నలభై అయిదేళ్ళ వయసులో, భూగోళానికి ఉత్తరపు కొసన, మనిషి అలికిడి లేని అడవిలో మళ్ళీ పళ్ళు ఏరుకునే యోగం పట్టింది. ఆ పళ్ళ సంగతి, అవి ఏరబోయి నేను తెచ్చుకున్న ముప్పు సంగతి మీతో చెప్పుకుందామనే ఇది రాస్తున్నాను. పళ్ళ రుచి చెప్పి ఊరుకుంటే సగమే చెప్పినట్టవుతుంది. రెండోది కూడా వినండి.

అమ్మ లేని పురుడు

మా చెల్లెలు ఫిన్లాండు దేశంలో ఔలు అనే ఊళ్ళో ఉంటుంది. మరిది అక్కడ ఫోన్ల కంపెనీలో ఇంజనీరు. పెద్దపాపకి ఏడేళ్ళు. 2023 మే నెలలో రెండోసారి బాబు పుట్టాడు. మొదటి పురుడు అమ్మే వెళ్ళి పోసింది. రెండోదానికి అమ్మ లేదు. వాళ్ళ అత్తగారు రెండు నెలలుండి వెనక్కి వచ్చేశారు. ‘‘అక్కా, నువ్వొస్తే బావుణ్ణు’’ అని చెల్లెలు ఫోన్లో ఒక్కమాట అని ఊరుకుంది. ఆ గొంతు విన్నాక ఇంట్లో కూర్చోలేకపోయాను. మా వారు ‘‘పిల్లల్ని నేను చూసుకుంటా, నువ్వు వెళ్ళు’’ అన్నారు. జూలై రెండోవారంలో ఇంగువ, మెంతులు, ఎండుమిరపకాయలు, కాయం, శొంఠి పెట్టెలో సర్దుకుని విమానం ఎక్కాను.

చెల్లెలు బాగా చిక్కిపోయింది. ఒంటికంటే మనసే ఎక్కువ నలిగినట్టుంది. పిల్లాడికి పాలివ్వడం, కిటికీ దగ్గర కూర్చోవడం, అంతే. ‘‘ఈ దేశంలో ఎండాకాలం రెండు నెలలే వదినా, ఈ రెండు నెలలూ ఇంట్లో కూర్చుంటే శీతాకాలం చీకటికి ఇంకా దిగులు పడుతుంది’’ అని మరిది ఆగస్టు మొదటివారంలో సెలవు పెట్టి, అందర్నీ కార్లో ఎక్కించుకుని ఉత్తరానికి తీసుకెళ్ళాడు. రొవనియెమి అనే ఊరు దాటగానే ఉత్తర ధ్రువరేఖ. అది కూడా దాటి మూడొందల కిలోమీటర్ల పైన వెళ్తే ఇనారి. ఔలు నించి మొత్తం అయిదొందల కిలోమీటర్లకి పైమాటే.

ఇనారి ఎంత పెద్దదో తెలుసా? ఆ ఒక్క మునిసిపాలిటీ విస్తీర్ణం 17 వేల చదరపు కిలోమీటర్లు దాటుతుంది. మన పాత కృష్ణా జిల్లాకి ఇంచుమించు రెట్టింపు! జనం మాత్రం సుమారు ఏడువేలు. మిగిలిందంతా అడవి, సరస్సులు, చిత్తడినేల. దారి మధ్యలో రెయిన్‌డీర్లు మన ఊళ్ళో ఆవుల్లా తాపీగా నిలబడి ఉంటాయి. హారన్ కొట్టినా కదలవు. ఈ ప్రాంతంలో సామీ అనే జాతివాళ్ళు తరతరాలుగా ఉన్నారు. వాళ్ళ భాష వేరు, కట్టుబొట్టు వేరు. రెయిన్‌డీర్లని మేపుకోవడం, చేపలు పట్టడం, పళ్ళు ఏరుకోవడం వాళ్ళ పాత జీవనం.

సరస్సు ఒడ్డున చెక్క ఇల్లు ఒకటి అద్దెకి తీసుకున్నాం. దాన్ని వాళ్ళు ‘మొక్కి’ అంటారు. ఆ మాట విని నేను చేతులెత్తి మొక్కితే పాప పడీపడీ నవ్వింది. ఇంటి యజమానురాలు పక్కనే ఉంటుంది. డెబ్భై దాటిన పెద్దావిడ. పాప ఆవిణ్ణి ‘ముమ్మో’ అనేది. అంటే అమ్మమ్మ. ఆవిడకి ఇంగ్లీషు రాదు, నాకు వాళ్ళ భాష రాదు. పాపే మా ఇద్దరికీ దుబాసీ.

ఎవరి అడవి? అందరి అడవి!

నాకు అన్నింటికంటే ఆశ్చర్యం వేసిన సంగతి ఒకటి చెప్తాను. అక్కడ అడవి ఎవరిదైనా సరే, గవర్నమెంటుదైనా, ఎవరి పట్టాభూమైనా, అందులోకి వెళ్ళి పళ్ళూ పుట్టగొడుగులూ ఏరుకోవడానికి ఎవరి అనుమతీ అక్కర్లేదు. దాన్ని ‘ప్రతి ఒక్కరి హక్కు’ అంటారు. ఆ దేశం వాళ్ళకే కాదు, చుట్టపుచూపుగా వెళ్ళిన నాలాంటి వాళ్ళకి కూడా! ఏరిన పళ్ళు అమ్ముకుంటే వచ్చిన డబ్బుకి ఆదాయపు పన్ను కూడా లేదు. కాకపోతే ఇళ్ళ ముంగిట్లోకి, పెరట్లోకి వెళ్ళకూడదు. పంటచేలు తొక్కకూడదు. చెట్లు విరచకూడదు. చెత్త పారెయ్యకూడదు. అంతే. పోలీసుల భయం కంటే సిగ్గుకి భయపడి అందరూ పాటిస్తారట.

ఇక పళ్ళ సంగతికొద్దాం. ముఖ్యమైనవి మూడు.

మొదటిది ముస్తిక్కా. ఇంగ్లీషులో బిల్‌బెర్రీ. మోకాలి కిందికుండే పొదలకి నల్లటి నీలం రంగు పళ్ళు. ఈ మధ్య హైదరాబాదు సూపర్‌మార్కెట్లలో డబ్బాల్లో బ్లూబెర్రీలు అమ్ముతున్నారు కదా, ఇవి అవే అనుకునేరు! కావు. అవి అమెరికా జాతి, తోటల్లో పెంచినవి. కోస్తే లోపల తెల్లగా ఉంటుంది. అడవి ముస్తిక్కా లోపల కూడా నేరేడుపండులా ముదురు ఊదారంగు. తింటే నాలుకా, పెదాలూ, వేళ్ళూ అన్నీ అదే రంగు. దొంగతనంగా తిన్నవాళ్ళు ఇట్టే దొరికిపోతారు!

రెండోది పువోలుక్కా. లింగన్‌బెర్రీ అంటారు. ఎర్రటి చిన్న గుండ్రటి పళ్ళు, మన వాక్కాయంత పులుపు, చివర కొంచెం వగరు. ఇవి ఆగస్టు నెలాఖరు నించి సెప్టెంబరు దాకా. వీటి గొప్ప ఏమిటంటే చెడిపోవు. పంచదార లేకుండా, ఉత్త చల్లటి నీళ్ళలో వేసి మూత పెట్టినా నెలల తరబడి నిలవుంటాయి. కారణం వాటిలో సహజంగా ఉండే బెంజోయిక్ ఆసిడ్. మనం స్క్వాషుల్లో నిలవకోసం చిటికెడు సోడియం బెంజోయేట్ కలుపుతాం చూడండి, దాని మూలపదార్థమే ఇది. దేవుడు ముందే కలిపి పంపించాడన్నమాట!

మూడోది అన్నింటికీ రాణి, హిల్లా. క్లౌడ్‌బెర్రీ. ఫిన్లాండు వాళ్ళు తమ రెండు యూరోల నాణెం మీద ఈ పండు బొమ్మే వేసుకున్నారంటే దాని విలువ ఊహించుకోండి. ఇది పొదలకి కాయదు. చిత్తడినేలలో, నీళ్ళు పీల్చుకున్న స్పాంజిలాంటి నాచులోంచి జానెడు మొక్క లేస్తుంది. ఒక మొక్కకి ఒకే తెల్లపువ్వు, ఒకే పండు. మగమొక్కలు వేరు, ఆడమొక్కలు వేరు. ఆడమొక్కకే పండు. జూన్‌లో పూత సమయంలో ఒక్కరాత్రి మంచు పడిందా, పెద్దవాన కొట్టిందా, ఆ ఏటికి ఆ చోట పళ్ళు లేనట్టే. తోటల్లో పెంచడం కష్టం. అందుకే మిగతా పళ్ళకంటే చాలా ఖరీదు.

ఇంకో తమాషా. మన పళ్ళన్నీ పచ్చగా ఉండి పండితే ఎర్రబడతాయి. హిల్లా ముందు గట్టిగా ఎర్రగా ఉండి, పండాక మెత్తబడి బంగారు రంగుకి తిరుగుతుంది. చూడటానికి చిన్న చిన్న ముత్యాలు గుత్తిగా అతికించినట్టుంటుంది. సి విటమిన్ దండిగా ఉంటుంది. రుచి ఎలా చెప్పను? పండిన రేగుపండు పులుపులో కాస్త తేనె కలిపి, లోపల జామగింజల్లాంటి గింజలు పెడితే ఇంచుమించు అలా ఉంటుంది.

ముమ్మో చూపించిన చోటు

హిల్లా దొరికే చోటు అక్కడివాళ్ళు ఎవరికీ చెప్పరు. పక్కింటివాళ్ళకే కాదు, సొంత వియ్యంకుడికి కూడా చెప్పరని నవ్వుతాలుగా అంటారు. అలాంటిది ముమ్మో ఒకరోజు సాయంత్రం మా చెల్లెల్ని, పిల్లాణ్ణి కాసేపు చూసి, పాపతో ఏదో అంది. పాప ‘‘పెద్దమ్మా! రేపు పొద్దున ముమ్మో తన చోటు చూపిస్తుందట. తనకి మోకాళ్ళ నొప్పి, ఈ ఏడు వంగి ఏరలేదట. మనం ఏరుకుని తమ్ముడి అమ్మకి పెట్టాలట’’ అని చెప్పింది. నాకు కళ్ళు చెమ్మగిల్లాయి. భాష తెలియని మనిషి బాలింత మొహం చదివింది చూడండి!

రాత్రి పదిన్నరయినా వెలుగు పోలేదు. ఆ వెలుగులోనే ఆవిడ మాకు పాఠం చెప్పింది. రబ్బరు బూట్లు వేసుకోవాలి. మెరిసే రంగు బట్టలు వేసుకోవాలి, దూరానికి కనబడాలి కదా. దోమలకి నిండు చేతుల చొక్కా. అడవిలో మాట్లాడుకుంటూ నడవాలి, ఎలుగుబంటి ఉంటే అలికిడి విని తనే తప్పుకుంటుంది. ఆ దేశంలో విషమున్న పాము ఒకే ఒక్క రకం. తొక్కితే తప్ప కరవదు.

తరవాత కాగితం మీద ఒక బొమ్మ గీసి పాపకి చూపించింది. ప్లస్ గుర్తులా నాలుగాకులు, వాటి నడినెత్తిన ఒకే ఒక్క నల్లటి పండు. దాని పేరు ‘తోడేలు పండు’. విషం. చిన్నపిల్లలు ముస్తిక్కా అనుకుని నోట్లో వేసుకునే ప్రమాదం ఉంది. ముస్తిక్కా పొదకి చాలా పళ్ళుంటాయి, తోడేలు పండు మొక్కకి ఒక్కటే. ‘‘తెలియని పండు నోట్లోకి కాదు, చేతిలోకి కూడా వద్దు’’ అని వేలు చూపించి మరీ చెప్పింది. ఆఖరిగా ఒక మాట అంది. ‘‘చెక్కబాట దిగితే, ప్రతి పది పళ్ళకీ ఒకసారి తలెత్తి చూడండి.’’

ఆ మాటని నేను లెక్కచెయ్యలేదు. నల్లమల పక్కన పుట్టినదాన్ని, నాకు అడవి గురించి చెప్పేదేమిటి అనుకున్నాను. అహంకారం అంటే అదే కదా!

తలెత్తి చూస్తే ఏమీ లేదు

మర్నాడు పొద్దున్నే బయల్దేరాం. చెల్లెలు, బాబు ఇంట్లోనే. మరిది, పాప, నేను, ముమ్మో. కారు ఆపి అరగంట నడిస్తే చిత్తడినేల మొదలైంది. దాని మీదుగా రెండేసి పలకలు వేసిన చెక్కబాట. అటూఇటూ ఎటు చూసినా ఎర్రగా, పచ్చగా, గోధుమరంగుగా నాచు. మధ్యమధ్య ఎండిపోయినట్టుండే గిడస పైను చెట్లు. వాటి మధ్య దీపాలు పెట్టినట్టు హిల్లాలు!

గంటలో చిన్న బకెట్టు నిండింది. మరిది దాన్ని కార్లో పెట్టి, ఫ్లాస్కు తెస్తానని వెళ్ళాడు. ముమ్మో చెక్కబాట పక్కన మొద్దుమీద కూర్చుంది. నేనూ పాపా చెరో డబ్బా పట్టుకుని బాట దిగాం. ఒక పండు కోస్తే రెండడుగుల్లో ఇంకోటి. అది కోస్తే ఇంకాస్త అవతల మూడు. అవి కోస్తే ఇంకా అవతల బంగారం పరిచినట్టు! నడుం వంచిన మనిషిని నడుం ఎత్తలేదు. చెల్లెలికి గిన్నెడు పెట్టాలి, మిగిలింది జాము చెయ్యాలి, ఇంటికి ఒక సీసా తీసుకెళ్ళాలి... మనసంతా ఆ లెక్కల్లోనే ఉంది.

ఎంతసేపయిందో, పాప ‘‘పెద్దమ్మా, చలేస్తోంది’’ అనేసరికి తలెత్తాను.

చెక్కబాట లేదు. ముమ్మో లేదు. సూర్యుడు లేడు. సరస్సు వైపు నించి పొగమంచు పాలమీగడలా కమ్ముకుంది. ఎటు చూసినా అవే గిడస చెట్లు, అదే నాచు. మా అడుగుజాడలు చూద్దామంటే, ఆ నాచు స్పాంజిలా మళ్ళీ పైకి లేచి జాడ మింగేసింది.

ఫోను తీద్దామంటే కార్లో వదిలేసి వచ్చాను. ‘ఎటునించి వచ్చామో నాకు తెలుసులే’ అనుకుని పాప చెయ్యి పట్టుకుని గబగబా నడిచాను. నాలుగైదు పదులు అడుగులు వేశానో లేదో, నాచు కింద ఏమీ తగల్లేదు. కుడికాలు తొడదాకా దిగిపోయింది! బూటు నిండా మంచులాంటి నీళ్ళు. పాప చెయ్యి వదిలేసి, పక్కనున్న చెట్టు వేరు పట్టుకుని, బోర్లాపడి, ఎలాగో కాలు లాక్కున్నాను. బూటు అందులోనే ఉండిపోతే మళ్ళీ చెయ్యి పెట్టి పీకాల్సొచ్చింది. పళ్ళడబ్బా ఎక్కడ పడిందో తెలియదు.

నాకు ఒళ్ళంతా వణుకు. చలికి కాదు. ఏడేళ్ళ పిల్ల. మా చెల్లెలి ప్రాణం. అమ్మలేని లోటు తీరుద్దామని వచ్చి, దాని బిడ్డని ఊబిలోకి తెచ్చాను. ఇక్కడ కాకపోతే అక్కడ బాట ఉండదా అని మళ్ళీ అడుగు వెయ్యబోయాను.

పాప కదల్లేదు. పక్కనున్న చెట్టుని రెండు చేతులా వాటేసుకుని, ‘‘వద్దు పెద్దమ్మా. దారి తప్పితే ఉన్నచోటే ఉండాలి. మా టీచర్ చెప్పింది. నడిస్తే వెతికేవాళ్ళకి దొరకం’’ అంది. ఎంత బతిమాలినా చెట్టు వదల్లేదు. నేను కసిరాను కూడా. దాని కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి గానీ చేతులు సడల్లేదు.

అప్పుడు నాకు అమ్మ గుర్తొచ్చింది. నల్లమలలో పుల్లలకి వెళ్ళినప్పుడు అమ్మ మమ్మల్ని కళ్ళతో కాదు, చెవులతో కాపలా కాసేది. ‘‘నేను ‘కూ’ అంటే మీరు ‘కూ’ అనాలి. వినబడకపోతే ఉన్నచోటే కూలబడాలి. నేనే వస్తా’’ అనేది. ఈ పిల్ల టీచరు చెప్పిందీ, మా అమ్మ చెప్పిందీ ఒకటే మాట! నలభై ఏళ్ళనాడు నేర్చుకున్నది నేను మర్చిపోయాను. ఏడేళ్ళది మర్చిపోలేదు.

చెట్టు మొదట్లో కాస్త ఎత్తుగా, పొడిగా ఉన్నచోట కూర్చున్నాం. నా స్వెట్టరు తీసి పాపకి చుట్టి, ఒళ్ళో పెట్టుకున్నాను. దాని డబ్బాలో పళ్ళు దానికే తినిపించాను. ఇద్దరం కలిసి ‘కూ...’ అని అరవడం, ఆగి చెవులు రిక్కించడం. గంట పైనే అయిందని తరవాత తెలిసింది. నాకు మాత్రం ఒక యుగం.

ముందు సన్నగా ఈల వినబడింది. మేం ‘కూ’ అన్నాం. మళ్ళీ ఈల, ఈసారి కాస్త దగ్గరగా. మళ్ళీ ‘కూ’. పొగమంచులోంచి ముందు ఎర్రటోపీ, తరవాత కర్రతో నేల పొడుచుకుంటూ ముమ్మో, ఆవిడ వెనక పాలిపోయిన మొహంతో మరిది. ఆ మోకాళ్ళతో ఆవిడ ఊబిలోకి దిగొచ్చింది! మరిది అత్యవసర నంబరు 112కి ఫోను చెయ్యబోతుంటే, ‘పదినిమిషాలు ఆగు, వాళ్ళ అరుపు నాకు వినబడింది’ అందట.

చెక్కబాట మేం కూర్చున్న చోటికి ఎంతదూరమో తెలుసా? రెండొందల గజాలు ఉంటుందేమో! అది కూడా నేను నడవబోయిన దిక్కుకి సరిగ్గా వెనకవైపు.

చెప్పాలా, వద్దా?

కార్లో మరిది ‘‘వదినా, చెల్లెలికి చెప్పకండి. అసలే దిగులుగా ఉంది, ఇంకా బెంగ పెట్టుకుంటుంది’’ అన్నాడు. నాకూ ఆశ పుట్టింది. చెప్పకపోతే నా పరువు కూడా దక్కుతుంది కదా! కానీ పాప నా మొహంకేసి చూస్తోంది. ‘పెద్దవాళ్ళు తప్పు చేస్తే దాచేస్తారు’ అన్న పాఠం దానికి నేను నేర్పాలా?

ఇంట్లోకి వెళ్ళగానే తడిబట్టలతోనే చెల్లెలికి జరిగింది జరిగినట్టు చెప్పేశాను. ‘‘తప్పు నాదే. ఆవిడ చెప్పింది నేను వినలేదు’’ అన్నాను. అది పాపని గుండెకి హత్తుకుని, నాకేసి చూడకుండా లోపలికి వెళ్ళిపోయింది. సాయంత్రం దాకా నాతో మాట్లాడలేదు. అది తిట్టినా బావుండుననిపించింది.

రాత్రి అందరూ పడుకున్నాక ఒక బేసిన్లో వేణ్ణీళ్ళు తెచ్చి నా కాళ్ళ దగ్గర పెట్టింది. ఉప్పు వేసింది. అమ్మ అలాగే వేసేది. ‘‘నీ కాలు మొత్తం గీసుకుపోయిందని పాప చెప్పింది’’ అంది. కాసేపు ఊరుకుని, ‘‘ఇవాళ నాకు భయం వేసింది, కోపం వచ్చింది అక్కా. రెండు నెలల్లో ఇవాళే ఏదైనా గట్టిగా అనిపించడం’’ అంది. నేనేం మాట్లాడలేదు. దాని తల నిమిరాను. ఆ రాత్రి అది చాలాసేపు మాట్లాడింది. పురుడయినప్పటినించీ ఎవరికీ చెప్పని మాటలు. ఔలు వెళ్ళాక హెల్త్ సెంటర్లో నర్సుతో కూడా మాట్లాడతానని తనే అంది, వెళ్ళింది. బాలింత దిగులు కూడా జ్వరంలాంటి జబ్బేననీ, దానికి వైద్యం ఉందనీ ఆ నర్సు చెప్పిందట. మన ఇళ్ళల్లో బాలింత ముభావంగా ఉంటే ‘బద్ధకం’ అనేస్తాం. అనకండి. పక్కన కూర్చుని అడగండి. అవసరమైతే డాక్టరుకి చూపించండి.

మర్నాడు అందరం కలిసి మళ్ళీ అదే చోటికి వెళ్ళాం. ఈసారి చెల్లెలు కూడా, బాబుని గుండెకి కట్టుకుని, చెక్కబాట మీదే కూర్చుంది. మేం బాటకి రెండువైపులా చెయ్యందినంత మేరే ఏరాం. ముమ్మో పాప మెళ్ళో ఒక ఈల కట్టింది. నా మెళ్ళోనూ ఒకటి కట్టింది! చెల్లెలు ఒక పండు నోట్లో వేసుకుని, ‘‘మన రేగుపండులా ఉందే’’ అని నవ్వింది. నేను అంతదూరం వెళ్ళింది ఆ నవ్వు కోసమే.

కొనే పళ్ళ వెనక చేతులు

ఇంకో సంగతి కూడా చెప్పాలి. అక్కడ షాపుల్లో, ఫ్యాక్టరీల్లో వాడే అడవిపళ్ళని ఎక్కువగా ఏరేది ఆ దేశస్థులు కాదు. 2005 ప్రాంతం నించి థాయ్‌లాండు నించి ఏటా వేలమంది పల్లెటూరి వాళ్ళు టూరిస్టు వీసా మీద వచ్చి, వేసవంతా తెల్లవారకముందు లేచి అడవుల్లో ఏరేవాళ్ళు. జీతం లేదు. ఏరినదానికే డబ్బు. ప్రయాణం ఖర్చులకి అప్పు చేసి వచ్చి, పళ్ళు సరిగా దొరకని ఏడు అప్పుతోనే వెనక్కి వెళ్ళినవాళ్ళు ఉన్నారు. వాళ్ళని మోసగించారని 2022 తరవాత పెద్ద కేసులే నడిచాయి. 2024లో ఆ వీసాల పద్ధతే ఆపేశారు. ఊబిలో ఒక్క గంట కూర్చున్న నాకు, నెలల తరబడి అక్కడ నడుం వంచినవాళ్ళ కష్టం కొంచెం అర్థమైంది. మన బజారులో రేగుపళ్ళ బుట్టతో కూర్చునే అవ్వతో రూపాయికి బేరమాడేటప్పుడు ఇప్పుడు నా నోరు పెగలడం లేదు.

ముమ్మో వంటింటి చిట్కాలు

• అడవిపళ్ళు ఏరేటప్పుడు నిండా నొక్కకుండా, లోతు తక్కువ పాత్రలో వెయ్యాలి. లోతు ఎక్కువైతే అడుగువి చితికిపోతాయి.

• ఆకులూ పుల్లలూ పోవాలంటే, ఏటవాలుగా పెట్టిన తడిగుడ్డ మీద పళ్ళు దొర్లించాలి. చెత్త గుడ్డకి అంటుకుంటుంది, పళ్ళు కిందికి దొర్లిపోతాయి. మన నేరేడుపళ్ళకీ, రేగుపళ్ళకీ కూడా పనికొస్తుంది.

• ఫ్రీజర్లో పెట్టేటప్పుడు ముందు పళ్ళేంలో విడివిడిగా పరిచి గట్టిపడనిచ్చి, తరవాత కవరులో వెయ్యాలి. అప్పుడు ముద్దకట్టవు.

• హిల్లాలు తినే పద్ధతి: పాలవిరుగుడుతో చేసి నిప్పుల సెగన కాల్చిన ‘రొట్టెచీజ్’ అని ఒకటి దొరుకుతుంది. నమిలితే పళ్ళకింద కీచుమంటుంది! దాన్ని ముక్కలు కోసి, కాస్త మీగడలో వేడిచేసి, పైన హిల్లాలు వేసి తింటారు. మన పనీర్ ముక్కల్ని పెనం మీద కాల్చి, మీగడ, మామిడిపండు ముక్కలతో తిని చూడండి. ఆ దారిలోనే ఉంటుంది.

పువోలుక్కా పచ్చడి (మనకి వాక్కాయలతో)

సెప్టెంబరులో పువోలుక్కాలు వచ్చాక నేను చేసిన పచ్చడి ఇది. ముమ్మోకి సీసాలో పోసి పంపిస్తే, రెయిన్‌డీర్ మాంసంలో నంజుకున్నానని కబురు పెట్టింది!

కావలసినవి: పళ్ళు 2 కప్పులు (వాక్కాయలైతే గింజ తీసి), ఎండుమిరపకాయలు 10, మెంతులు అరచెంచా, ఆవాలు ఒక చెంచా, వెల్లుల్లి రెబ్బలు 6, బెల్లం చిన్న ముక్క, ఉప్పు తగినంత, నూనె 3 పెద్ద చెంచాలు, ఇంగువ చిటికెడు, పసుపు కొంచెం.

చేసే విధానం: నూనె ఒక చెంచా వేడిచేసి మెంతులు, సగం ఆవాలు, మిరపకాయలు వేయించి తీసి పొడి చేసుకోవాలి. అదే మూకుట్లో ఇంకో చెంచా నూనె వేసి పళ్ళు, పసుపు, ఉప్పు వేసి సన్నసెగన మగ్గనివ్వాలి. నీళ్ళు పొయ్యకూడదు. మెత్తబడ్డాక బెల్లం, పొడి వేసి కలిపి దించాలి. వెల్లుల్లి కచ్చాపచ్చాగా దంచి కలపాలి. మిగిలిన నూనెలో ఆవాలు, ఇంగువ పోపు పెట్టాలి. చల్లారాక పొడి సీసాలో పెట్టి ఫ్రిజ్‌లో ఉంచితే పదిహేను రోజులు నిలవుంటుంది. వేడన్నం, నెయ్యితో బావుంటుంది.

చివరగా...

సంక్రాంతి ముందు రేగుపళ్ళ కాలం వస్తుంది. పిల్లల్ని సెల్‌ఫోన్ల ముందునించి లేపి ఒక్కరోజు పొలాలవైపు తీసుకెళ్ళండి. ఏది పండో, ఏది విషమో చూపించండి. గురివింద గింజ ఎంత అందంగా ఉన్నా నోట్లో పెట్టుకోకూడదనీ, ఉమ్మెత్తకాయ, ఆముదం గింజ ముట్టుకోకూడదనీ చెప్పండి. పేరు తెలియని పండు తినకూడదనీ, దారి తప్పితే ఉన్నచోటే ఉండి అరవాలనీ నేర్పండి. మీరు మర్చిపోయినా వాళ్ళు గుర్తుంచుకుంటారు. నాకు తెలుసు.

ముమ్మో ఇచ్చిన ఈల మా వంటింట్లో పోపులపెట్టె పైన మేకుకి తగిలించుకున్నాను. ఏ పనిలోనైనా మరీ నిమగ్నమై లోకం మర్చిపోయినప్పుడు దానికేసి చూస్తాను. ఒక్కసారి తలెత్తి, అందరూ ఉన్నారో లేదో చూసుకుంటాను.